మంచుపై ఉష్ణమానమును కొలుచుట ఎట్లు? దానితో మనకేమి పని?

(అరసికెరెలో జరిగిన మన సంఘ సమావేశమున చేసిన ఉపన్యాసము యొక్క పాఠము)

 

నేను నేడు ప్రసంగింపవలసిన విషయము హిమము మీదను, గడ్డకట్టిన సముద్రము మీదను ఉండు ఉష్ణమానమును కొలుచుట. ఈ మాట వినగానే కొందరి ముఖములందు చిరునవ్వు కనబడుచున్నది. అది సహజమే. వేసవిలో బండలు పగులునట్లు ఎండ కాయు పావగడ సీమవారమగు మనకు, ధ్రువప్రాంతముల మంచుతో పని యేమి? మనలో హిమము కురియుట కన్నులార చూచినవారు వేళ్లమీద లెక్కింపదగినంత మంది మాత్రమే యుందురు.

నేను శాస్త్రజ్ఞుడను కాను. ఎస్సెస్సెల్సీ వఱకు చదివి వ్యాపారములో ప్రవేశించినవాడను. తూకము, కొలత, లెక్క, ఇవియే నా విద్య. అయినను ఈ విషయము కొలతకు సంబంధించినది గనుక, దానిని గుఱించి రెండు మాటలు చెప్పుటకు సాహసించుచున్నాను. ఏ వస్తువును కొలుచువాడైనను మూడు ప్రశ్నలు వేసికొనవలెను. కొలుచునది దేనిని? కొలుచుట దేనితో? ఆ కొలత సరియైనదని ఎఱుగుట ఎట్లు? అంగడిలోని వేరుసెనగకును, అంటార్కిటికాలోని మంచుకును ఈ మూడు ప్రశ్నలు ఒక్కటే.

ముందుగా మనకు పని యేమో చెప్పి, తరువాత కొలత సంగతికి వచ్చెదను.

1876లో ఆరంభమైన మహాక్షామమును మన పూర్వులు ధాత ఈశ్వర కరువని పేర్కొనిరి. మైసూరు సంస్థానము, బళ్లారి, కడప, కర్నూలు సీమలు ఆ కరువునకు ఘోరముగా గుఱియైనవి. ఆ కరువునకు ఒక యేడు ముందు, 1875లో, భారత వాతావరణ శాఖ ఏర్పడియుండెను. దాని మొదటి యధికారి హెన్రీ బ్లాన్‌ఫర్డు అను నాంగ్లేయుడు. వర్షము ఎందుకు తప్పినది, దానిని ముందుగా ఎఱుగు మార్గము గలదా అను ప్రశ్న ఆయన ముందు నిలిచినది. ఆయన 1884లో ఒక వ్యాసము ప్రకటించి, హిమాలయములపై మంచు అధికముగా కురిసి, వసంతము గడచినను కరుగక నిలిచిన యేట, దేశమున నైరృతి వర్షములు సన్నగిల్లుచున్నవని సూచించెను.

కారణము తెలిసికొనుట కష్టము కాదు. వేసవిలో భూమి వేడెక్కి, సముద్రము అంతగా వేడెక్కక యున్నప్పుడు, ఆ తేడా వలన సముద్రముమీది తేమగాలి భూమివైపునకు లాగబడును. అదియే మన నైరృతి ఋతుపవనము. పర్వతములపై మంచు దట్టముగా నున్నచో సూర్యరశ్మిలో అధికభాగమును అది వెనుకకు త్రిప్పి కొట్టును. మిగిలిన వేడిలోను చాల భాగము మంచును కరగించుటకే ఖర్చగును. భూమి వేడెక్కుట ఆలస్యమగును. గాలిని లాగు బలము తగ్గును.

ఈ సంబంధము తులారాశివలె ప్రతి యేట సరితూగునది కాదని గూడ చెప్పుట నా ధర్మము. పసిఫిక్ మహాసముద్రపు వేడిమి మొదలైన వేఱు కారణములు పెక్కు గలవు. 2002లో దేశమునకు వర్షము సాధారణముగా నుండునని అంచనా వేసిరి. ఆనాటి లెక్కలో హిమాలయపు మంచును, యూరేషియా ఖండపు మంచును గూడ చేర్చిరి. అయినను జూలైలో వానలు దాదాపు సగము తగ్గి దేశము కరువు పాలయినది. కావున మంచు ఒక్కటే వానను నిర్ణయింపదు. కాని మంచును విడిచిన లెక్క పూర్తి లెక్క కాదు. విత్తనము భూమిలో వేయుటయా, మఱి పది దినములు ఆగుటయా అని ఆకాశమువైపు చూచు రైతు ఇంట, ఆ రైతునకు అప్పిచ్చిన వ్యాపారి యింట, ఎక్కడనో వేల మైళ్ల దూరమందలి మంచు గూడ ఒక చిన్న పద్దుగా చేరియున్నది. అందుచేత దానిని కొలుచు విధము మనకు అక్కఱలేని సంగతి కాదు.

ఇక మొదటి ప్రశ్న. కొలుచునది దేనిని?

మన భాషలో మంచు అను మాట యొక్కటే అనేక వస్తువులకు చెల్లుచున్నది. మార్గశిర మాసమున గడ్డిపై నిలుచు నీటి బిందువులు మంచు. తెల్లవాఱుజామున దారి కనబడకుండ క్రమ్ము పొగ మంచు. హిమాలయములపై దూదివలె రాలునది మంచు. సోడా అంగడిలో కొట్టి వేయు గడ్డయు మంచే. మంచు చూడని దేశమువారము గనుక మనకు ఇన్ని భేదములతో పని లేకపోయినది. నేటి ప్రసంగమున నేను రాలెడు దానిని హిమమనియు, సముద్రపు నీరు గట్టిపడగా నేర్పడు దానిని సముద్రపు మంచనియు చెప్పెదను. మంచినీరు సున్న డిగ్రీల సెంటీగ్రేడు వద్ద గడ్డకట్టును. సముద్రపు నీటిలో ఉప్పున్నందున అది సున్నకు దిగువన ఇంచుమించు 1.8 డిగ్రీల వఱకు చల్లబడినగాని గడ్డకట్టదు. అట్లు గడ్డకట్టిన పొర సముద్రముపై తేలుచుండును. దానిపై హిమము కురిసి దుప్పటివలె కప్పుకొనును.

రేడియోలో చెప్పు ఉష్ణమానము గాలియొక్క ఉష్ణమానము. నేలకు నాలుగైదు అడుగుల యెత్తున, నీడలో, గాలి తగులునట్లు చేసిన తెల్లని పెట్టెలో నుంచిన థర్మామీటరు దానిని చూపును. కాని నేలమీది వేడి వేఱు, గాలిలోని వేడి వేఱు. ఇది మనకు చెప్పవలసిన సంగతి కాదు. చైత్ర వైశాఖములలో మిట్టమధ్యాహ్నము వట్టి కాళ్లతో మన కొండ బండపై నడచినవానికి గాలికంటె రాయి ఎంత అధికముగా కాలునో పాదములే చెప్పును.

రాత్రులందు ఇది తారుమాఱగును. మబ్బులేని రాత్రి నేల తన వేడిని ఆకాశమునకు వెలగ్రక్కి గాలికంటె అధికముగా చల్లబడును. ఈ సూక్ష్మమును మన దేశీయులు పూర్వమే ఎఱిగి లాభము పొందిరి. సర్ రాబర్టు బార్కర్ అను ఆంగ్లేయుడు 1775లో ప్రకటించిన వ్యాసమున, అలహాబాదు ప్రాంతమున మంచుగడ్డ చేయు పద్ధతిని వర్ణించెను. లోతు తక్కువైన గోతులలో చెఱకు పిప్పి, ఎండు చొప్ప పఱచి, వానిపై పలుచని మట్టి మూకుళ్లలో కాచి చల్లార్చిన నీరు పోసి, చలికాలపు నిర్మలమైన రాత్రి విడిచిపెట్టెదరు. సహజముగా నీరు గడ్డకట్టని ఆ దేశమున తెల్లవాఱుసరికి మూకుళ్లలో మంచు పేరుకొనును. చొప్ప వలన నేల వేడి పైకి రాదు. నీటి ముఖము ఆకాశమునకు వేడిని వదలుచుండును. గాలి గడ్డకట్టునంత చల్లన కాకున్నను నీటి పైముఖము గడ్డకట్టునంత చల్లనగును. తరువాత 1814లో విలియం చార్లెస్ వెల్సు అను వైద్యుడు మంచుబిందువులను గుఱించి వ్రాసిన గ్రంథమున దీనికి కారణమును వివరించెను. విశాఖ మన్యములోని లంబసింగి ప్రాంతమున చలికాలపు వేకువ గడ్డిపరకలు తెల్లగా గట్టిపడుటకును ఇదే కారణము.

ధ్రువప్రాంతములందు ఈ తేడా మఱింత ప్రబలము. నెలల కొలది సూర్యుడు కనబడని రాత్రిలో హిమముఖము చల్లబడుచు చల్లబడుచు, మనిషి ఎత్తులోని గాలికంటె ఎన్నియో డిగ్రీలు దిగువకు పోవును. కావున గాలి ఉష్ణమానము చెప్పి, ఇదే మంచు ఉష్ణమానమనుట, గోనెసంచి పైభాగము చూచి అడుగున నున్న సరుకును తీర్మానించుట వంటిది.

ఇక రెండవ ప్రశ్న. కొలుచుట దేనితో?

థర్మామీటరును మంచుపై నుంచిన చాలదా అని అడుగవచ్చును. చాలదు. మొదటి చిక్కు పాదరసముది. అది సున్నకు దిగువన 38.8 డిగ్రీల వద్ద తానే గడ్డకట్టును. అందుచేత అచ్చట ఆల్కహాలు థర్మామీటరులను, విద్యుత్సాధనములను వాడుదురు. రెండవ చిక్కు సూర్యునిది. పగటివేళ ఎండ మంచుపై పడి వెనుకకు మరలును. మంచుపై నుంచిన పరికరము మాత్రము ఆ ఎండను గ్రహించి తాను వేడెక్కును. అప్పుడది మంచు ఉష్ణమానమును కాక తన ఉష్ణమానమునే చూపును. మూడవ చిక్కు ముఖ్యమైనది. పైముఖమనగా ఎంత మందము? ఒక అంగుళము లోనికి పోయినచో ఉష్ణమానము మాఱిపోవును. కొత్త హిమము కురిసినచో పరికరము దానిలో పూడిపోవును. నిన్న పైముఖము కొలిచినది నేడు లోపలి పొరను కొలుచుచుండును.

హిమమున వేడిని ఆపు గుణము గలదు. దూదివలె దానిలో గాలి నిండియుండుటయే కారణము. వేడిని ఆపు వస్తువు విలువ వర్తకులకు బాగుగా తెలియును. అమెరికాలోని బోస్టను నగరమునుండి ఫ్రెడరిక్ ట్యూడర్ అను వర్తకుడు 1833లో ఒక ఓడపై 180 టన్నుల మంచుగడ్డను కలకత్తాకు పంపెను. నాలుగు మాసములు ఉష్ణసముద్రములు దాటి వచ్చిన ఆ సరుకులో ఇంచుమించు 100 టన్నులు కరుగక మిగిలినది. దాని రహస్యము చుట్టును దట్టముగా నించిన ఱంపపు పొట్టు. మద్రాసు సముద్రతీరమున 1842లో ఆ మంచును నిలువ చేయుటకు కట్టిన ఐస్‌హౌస్ నేటికిని నిలిచియున్నది. వివేకానందస్వామి 1897లో అందు బస చేసిరి. ఓడలో ఱంపపు పొట్టు చేసిన పనినే సముద్రపు మంచుపై హిమము చేయుచున్నది. దిగువన సముద్రము సున్నకు 1.8 డిగ్రీల దిగువన నిలువగా, హిమము పైముఖము 30, 40 డిగ్రీల దిగువకు పోవును. నడుమ కొన్ని అడుగుల మంచు, కొన్ని అంగుళముల హిమము మాత్రమే. ఇట్టిచోట పైముఖమును తాకి సరిగా కొలుచుట ఎంత కష్టమో ఊహింపుడు.

తాకుట కష్టమైనచో తాకకుండ కొలువవలెను. ఆ మార్గమునకు మూలము 1800లో విలియం హెర్షెల్ అను ఖగోళశాస్త్రజ్ఞునికి దొరకినది. ఆయన సూర్యకాంతిని గాజుపట్టకముచే ఏడు రంగులుగా విడదీసి, ఎఱుపు రంగునకు ఆవల, కంటికి ఏమియు కనబడని చోట థర్మామీటరు నుంచగా అది వేడిని చూపెను. అవి పరారుణ కిరణములు. వేడి గల ప్రతి వస్తువును ఇట్టి కిరణములను వెలువరించును. మంచుగడ్డ సైతము వెలువరించును. మనకు చల్లనిదైనను దానిలోను వేడి గలదు. వస్తువు వేడి పెరిగిన కొలది కిరణముల బలము పెరుగును. ఆ బలమును కొలిచినచో వస్తువును తాకకయే దాని ఉష్ణమానము చెప్పవచ్చును. 2020లో కరోనా మహమ్మారి వచ్చినప్పుడు బ్యాంకుల ముందు, ఆసుపత్రుల ముందు మన నుదుటి కెదురుగా పెట్టిన చిన్న తుపాకివంటి సాధనము ఈ పనినే చేసినది. దానిని పట్టుకొని ఒకడు ఏడెనిమిదివందల కిలోమీటర్ల యెత్తున భూమిని చుట్టుచున్నాడనుకొనుడు. అదియే ఉపగ్రహము.

ఇచ్చట ఒక వింత గలదు. మన కంటికి హిమమంత తెల్లని వస్తువు లేదు. కొత్త హిమము తనపై పడిన ఎండలో నూటికి 80, 90 వంతులు వెనుకకు పంపును. కాని పరారుణ కిరణముల విషయమున అదే హిమము కాటుకవలె నల్లనిది. తన వేడికి తగిన కిరణములలో నూటికి 98, 99 వంతులు వెలువరించును. అందువలన దానిని దూరమునుండి కొలుచుటలో పొరపాటు తక్కువ.

పొరపాటు వేఱు చోట్లనుండి వచ్చును. నడుమ నున్న గాలిలోని నీటియావిరి కొంత కిరణమును మ్రింగివేయును. దీనికి శాస్త్రజ్ఞులు ఒక ఉపాయము పన్నిరి. కొంచెము భేదము గల రెండు కిరణములను, అనగా మీటరులో పదిలక్షవ వంతును ఒక కొలతగా తీసికొన్నచో 11 కొలతల పొడవు గల దానిని, 12 కొలతల పొడవు గల దానిని, ప్రక్కప్రక్కన కొలుచుదురు. ఆవిరి ఈ రెంటిని సమముగా మ్రింగదు. రెంటికి గల తేడాను చూచి మ్రింగబడినదెంతో లెక్కకట్టి తిరిగి కలుపుదురు. దారిలో తరుగు పోయిన సరుకునకు తరుగు కట్టుట వంటిదే ఇది. 1981నుండి అమెరికా వాతావరణ ఉపగ్రహములలో ఈ రెండు కిరణముల సాధనము పనిచేయుచు వచ్చినది. 1999లో టెర్రా, 2002లో ఆక్వా అను ఉపగ్రహములు మఱింత సూక్ష్మమైన సాధనములతో పైకి పోయినవి.

అన్నిటికంటె పెద్ద శత్రువు మబ్బు. పరారుణ కిరణము మబ్బును దాటి రాదు. ఉపగ్రహము తాను చూచుచున్నది మబ్బు పైభాగమో, హిమముఖమో ఎఱుగవలెను. రెండును తెల్లనివే. మన దేశమున మబ్బు నేలకంటె చల్లనిది గనుక గుర్తించుట సులభము. ధ్రువపు రాత్రిలో పెక్కుమాఱులు మబ్బే నేలకంటె వెచ్చన. మబ్బును మంచని భ్రమించిన కొలత తప్పగును. ఈ చిక్కు తప్పించుటకు సూక్ష్మతరంగములను పట్టు సాధనములను గూడ వాడుదురు. అవి మబ్బును దాటివచ్చును, పగలు రాత్రి భేదము ఎఱుగవు. 1978నుండి సముద్రపు మంచు విస్తీర్ణమును ఎడతెగక లెక్కించుట వాని వలననే సాధ్యమైనది. అయితే అవి హిమము లోపలి పొరలనుండి గూడ వచ్చును గనుక పైముఖపు ఉష్ణమానమును అంత సూటిగా చెప్పజాలవు. ఒకటి సూక్ష్మమైనది గాని మబ్బుకు లొంగును. రెండవది మబ్బుకు లొంగదు గాని ముతక. రెంటిని సమన్వయించుటయే విద్య.

మూడవ ప్రశ్న నాకు మిక్కిలి ప్రియమైనది. ఆ కొలత సరియైనదని ఎఱుగుట ఎట్లు?

తూనికలు కొలతల శాఖవారి ముద్ర లేని రాయిని అంగడిలో ఉంచుట నేరమని మనకు తెలియును. ముద్ర ఒకమాఱు వేయించిన చాలదు. గడువు తీరగనే మరల పరీక్ష చేయింపవలెను. ఏలయనగా రాయి అరుగును. ఆకాశమున తిరుగు సాధనమును గూడ కాలము అరగదీయును. దానికి ముద్ర వేయుటకు అధికారి పోలేడు గదా! అందుచేత సాధనముతో పాటు ఒక నల్లని పలకను పంపుదురు. దాని ఉష్ణమానము నిశ్చయముగా తెలియును. సాధనము మాటిమాటికి ఆ పలకను ఒకమాఱు, ఏమియు లేని శూన్యాకాశమును ఒకమాఱు చూచుచుండును. శూన్యాకాశము సున్నకు 270 డిగ్రీల దిగువన నుండును. ఒకటి తెలిసిన బరువు, ఒకటి వట్టి తరాజు. రెంటితో సరిచూచుకొని తరువాత భూమిని చూచును.

ఇంతటితో చాలదు. నేలమీద మనిషి కొలిచిన దానితో పోల్చినగాని నమ్మిక కలుగదు. అందుకొఱకు సముద్రపు మంచులో పరికరముల దండలు పాతి విడుతురు. మంచుతో పాటు అవి కొట్టుకొనిపోవుచు వివిధమైన లోతుల ఉష్ణమానమును తెలియజేయుచుండును. ఓడలనుండి, విమానములనుండి, శీతలస్థావరములనుండి కొలుచుదురు. ఇన్నిటితో సరిచూడగా, మబ్బులేని వేళ ఉపగ్రహపు కొలతలో తేడా సామాన్యముగా ఒకటి, రెండు డిగ్రీలలో నుండునని తేల్చిరి.

ఈ కార్యమున మన దేశమునకును, మన తెలుగు నేలకును భాగము గలదని చెప్పుటకు సంతోషించుచున్నాను. డాక్టరు ఖాసిం నాయకత్వమున మొదటి భారతీయ బృందము 1982 జనవరి 9వ తేదీన అంటార్కిటికాపై అడుగిడినది. 1989లో మైత్రి స్థావరము, 2012లో భారతి స్థావరము ఏర్పడినవి. ఉత్తరధ్రువ ప్రాంతమున 2008లో హిమాద్రి అను స్థావరము నెలకొన్నది. భారతి స్థావరమున ఉపగ్రహముల సమాచారమును గ్రహించు కేంద్రము గలదు. దానిని నడుపునది హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రము. దక్షిణధ్రువపు అంచున పట్టిన సంకేతములు హైదరాబాదు సమీపమందలి షాద్‌నగరమునకు చేరుచున్నవి.

శ్రీహరికోట సంగతి వినుడు. మన నాగలమడికె మీదుగా ప్రవహించు ఉత్తర పినాకిని నెల్లూరు సీమలో సముద్రమున కలియును గదా. అచ్చటికి దక్షిణమున శ్రీహరికోట యున్నది. 1999 మే 26వ తేదీన అచ్చటినుండి ఓషన్‌శాట్ మొదటి ఉపగ్రహము పైకెగసినది. దానిలోని సూక్ష్మతరంగ సాధనపు కొలతలతో మన శాస్త్రజ్ఞులు అంటార్కిటికా చుట్టునున్న సముద్రపు మంచును పరిశీలించిరి. 2009 సెప్టెంబరు 23వ తేదీన ఓషన్‌శాట్ రెండవ ఉపగ్రహము పోయినది. సముద్రముపై గాలుల వేగమును కనుగొనుట దాని రాడారు సాధనపు ముఖ్యకార్యము. కాని 2012 జూలై నెలలో అమెరికాలోని శాస్త్రజ్ఞుడు సన్ న్గియెమ్ ఈ ఉపగ్రహపు సమాచారమును చూచుచు ఒక వింత గమనించెను. గ్రీన్‌లాండు దేశపు మంచు ఇంచుమించు అంతయు పైన కరిగినట్లు కనబడెను. ఇది నిజమా, లేక సమాచారమున తప్పు దొర్లినదా అని ఆయనకే సందేహము కలిగినది.

సందేహము కలిగినప్పుడు ఏమి చేయవలెను? మఱియొక తరాజుపై తూచవలెను. అట్లే చేసిరి. టెర్రా, ఆక్వా ఉపగ్రహములు కొలిచిన మంచుముఖపు ఉష్ణమానమును డారొతీ హాల్ అను శాస్త్రవేత్త పరిశీలించిరి. అది గూడ అదే చెప్పినది. సూక్ష్మతరంగముల సాధనము మూడవ సాక్ష్యము పలికినది. జూలై 8వ తేదీన నూటికి సుమారు 40 వంతులు కరుగుచుండిన గ్రీన్‌లాండు మంచుముఖము 12వ తేదీ నాటికి నూటికి 97 వంతుల వఱకు కరిగినది. లోతైన మంచుపొరలను పరీక్షించినవారు, గ్రీన్‌లాండు నడినెత్తిన ఇట్టి కరుగుట అంతకుముందు 1889లో జరిగినదని తెలిపిరి. మన శ్రీహరికోట నుండి పోయిన సాధనము మొదట చూపిన ఆ సంగతిని మంచుముఖపు ఉష్ణమానము ధ్రువపఱచినది.

ఇందు ఉష్ణమానమునకు గల ప్రాముఖ్యమును గమనింపుడు. హిమముఖము ఎంత ఎండ కాచినను సున్న డిగ్రీలను దాటదు. సున్నకు చేరిన పిమ్మట వచ్చిన వేడి యంతయు కరగుటకే పోవును. కావున హిమముఖము 20 డిగ్రీల దిగువన నున్నదా, 2 డిగ్రీల దిగువన నున్నదా అనునది, కరగుట కింకెంత గడువు మిగిలినదో తెలుపు లెక్క. సున్నకు చేరినదనగా గడువు తీరినదన్నమాట.

చలి పక్షమున గూడ ఉపగ్రహము ఒక వింత చూపినది. 1983 జూలై 21వ తేదీన అంటార్కిటికాలోని వోస్టాక్ స్థావరమున గాలి ఉష్ణమానము సున్నకు 89.2 డిగ్రీల దిగువకు పోయినది. థర్మామీటరుతో కొలిచిన గాలిచలికి నేటికిని అదే హద్దు. కాని ఉపగ్రహములు అనేక సంవత్సరములు కొలిచిన దానిని పరిశీలించి, తూర్పు అంటార్కిటికా పీఠభూమిలోని కొన్ని పల్లములందు హిమముఖము సున్నకు సుమారు 98 డిగ్రీల దిగువకు పోవునని 2018లో ప్రకటించిరి. గాలి వేఱు, ముఖము వేఱు అని మొదట చెప్పిన మాటకు ఇంతకంటె నిదర్శనము వలదు.

అయితే లోకము పోకడ చలివైపునకు కాదు. 1979 తరువాతి నాలుగు దశాబ్దములలో ఉత్తరధ్రువ ప్రాంతము లోకపు సగటుకంటె ఇంచుమించు నాలుగింతల వేగముతో వేడెక్కినదని 2022లో ప్రకటించిన పరిశోధన తెలుపుచున్నది. 2012 సెప్టెంబరులో అచ్చటి సముద్రపు మంచు సుమారు 34 లక్షల చదరపు కిలోమీటర్లకు తగ్గిపోయినది. 2023 ఫిబ్రవరిలో అంటార్కిటికా చుట్టును సముద్రపు మంచు సుమారు 18 లక్షల చదరపు కిలోమీటర్లకు కుదించుకొనిపోయినది. తెల్లని మంచు పోయినచోట నల్లని సముద్రము బయటపడును. మంచు త్రిప్పి కొట్టు ఎండను సముద్రము మ్రింగును. అందుచేత మఱింత వేడి, మఱింత కరుగుట. వడ్డీకి వడ్డీ పెరుగు అప్పువంటి దిది.

మన యింటికి మఱింత దగ్గఱి సంగతి ఒకటి చెప్పి ముగించెదను. హిమాలయములందు హిమముఖము మిక్కిలి చల్లగాను, అడుగు నేల కొంత వెచ్చగాను నున్నప్పుడు, ఆ తేడా వలన లోపలి హిమపురేణువులు పట్టు విడిచి పంచదారవలె పొడిపొడి యగును. దానిపై కురిసిన బరువైన హిమము ఒక్కుమ్మడిగా జాఱి లోయలో పడును. అందుచేత హిమపాత సూచనలు చెప్పువారు హిమముఖపు ఉష్ణమానమును శ్రద్ధతో కనిపెట్టుదురు. హిమపాతములకు ఇదొక్కటియే కారణము కాదు. 2016 ఫిబ్రవరి 3వ తేదీన సియాచిన్‌లో హిమము విఱిగిపడి మద్రాసు రెజిమెంటు సైనికులు పదిమంది దానిక్రింద పూడిపోయిరి. ధార్వాడ జిల్లాకు చెందిన లాన్సు నాయకు హనుమంతప్ప కొప్పద ఆఱు దినముల పిమ్మట ప్రాణముతో బయల్పడి, ఫిబ్రవరి 11వ తేదీన మరణించెను. ఆ పదిమందిలో కన్నడ సోదరులు పలువురు, కర్నూలు జిల్లాకు చెందిన తెలుగు సోదరుడొకడు ఉండిరి. మనవంటి ఎండసీమల బిడ్డలే మంచుకొండలను కాపాడుచున్నారు. మంచుతో మనకు పని యేమి అని ఇక అడుగవలసిన అవసరము లేదు.

సోదరులారా! మంచును కొలుచు సాధనము మన మూపుననున్న కొండలను, చెఱువులను, ఎండిన చేలను గూడ అదే చూపుతో కొలుచుచున్నది. మన పిల్లలు కన్నడములోనో, ఆంగ్లములోనో ఈ సంగతులు చదువుదురు. చదువవలసినదే. అయితే ఇంటికి వచ్చి అవ్వకు, తాతకు తెలుగులో చెప్పగలిగినప్పుడే ఆ చదువు ఇంటిలో నిలుచును. కావున ఒక చిన్న మనవి. మన సంఘము పక్షమున ఒక వానకొలమానము, రెండు థర్మామీటరులు కొని పాఠశాల పిల్లలకు అప్పగింతము. ఒక థర్మామీటరును నీడలో, మనిషి ఎత్తున వ్రేలాడదీయవలెను. రెండవదానిని రాత్రివేళ ఆరుబయట గడ్డిపై నుంచవలెను. ప్రతిదినము తెల్లవాఱుజామున రెంటిని చూచి తెలుగులో పుస్తకమున వ్రాయవలెను. మబ్బు కమ్మిన రాత్రి రెంటికి తేడా ఎంత, నిర్మలమైన రాత్రి ఎంత అని పిల్లలే కనుగొందురు. ధ్రువములందు పండితులు చేయు పనిలోని మూలసూత్రము మన పెరటిలోనే వారికి బోధపడును. వ్రాసిన లెక్కను నెలకొకమాఱు మన పత్రికలో ప్రకటింతము. ఖర్చు స్వల్పము. ఈ వారమే చందా ఆరంభింపగోరెదను. నా వంతు ముందుగా చెల్లించుచున్నాను.

తప్పు తూకము అమ్మువానినే కాక కొన్నవానిని గూడ చెఱచును. సరియైన కొలత ఎల్లరిని కాపాడును.